డ్రిల్లు పీరియడ్‌లో వేపచెట్టు కింద కూర్చునే పిల్లలకి ఏం చేయించాలి

మా ప్రకాశం జిల్లాలో చాలా హైస్కూళ్లలో డ్రిల్లు పీరియడ్ అంటే ఒకటే సీను. ఒక వాలీబాల్, దాని చుట్టూ పన్నెండు మంది, మిగతా ముప్పై మంది వేపచెట్టు కింద కబుర్లు. ఆ పన్నెండు మందీ మనం చెప్పినా చెప్పకపోయినా ఆడతారు. ఫిట్‌నెస్ ప్రోగ్రాం అంటూ పెడితే చెట్టు కింద వాళ్ల కోసం పెట్టాలి. పీఈటీగా, అంటే డ్రిల్లు మాస్టారుగా, నేను చేయించి, కొన్ని చెడగొట్టుకుని నేర్చుకున్నవి చెప్తున్నా.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని, వారానికి 3 రోజులైనా బాగా ఆయాసం వచ్చే పని, కండలకీ ఎముకలకీ బలమిచ్చే పని ఉండాలని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది. మన పీరియడ్‌లో లైను కట్టించేసరికే పది నిమిషాలు పోతాయి కాబట్టి మిగిలిన అరగంటలో ఎవరూ నిలబడి చూస్తూ ఉండకుండా చూసుకోవాలి, అసలు పనంతా ఇదే.

మొదటి వారం కొలతలు. కేంద్ర ప్రభుత్వం బడి పిల్లలకి పెట్టే ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో ఉన్న 600 మీటర్ల పరుగు, 30 సెకన్లలో ఎన్నిసార్లు వెల్లకిలా పడుకుని భుజాలు పైకి లేపగలరో చూడటం, ఈ రెండూ చాలు. సున్నంతో వంద మీటర్ల చుట్టు గీస్తే ఆరు రౌండ్లు. బరువు ఒక్కటే చూసి ఒక మాట అనేసుకోవద్దు, మనవాళ్లలో సన్నగా కనిపించే పిల్లలకి కూడా పొట్ట దగ్గర కొవ్వు ఉండొచ్చు. టేపుతో నడుము కొలిచి, ఎత్తులో సగం దాటిందేమో చూడండి. ఆడపిల్లలకి మేడమ్ కొలవాలి, గదిలో, ఒక్కొక్కరికి. నేను మొదటి ఏడాది బరువులు అందరి ముందూ చదివాను, ఒక ఎనిమిదో తరగతి పాప రెండు వారాలు డ్రిల్లుకే రాలేదు. తప్పు నాదే.

మెడ వెనక చర్మం నల్లగా, మందంగా కనిపిస్తే అది మురికి కాదు, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చెయ్యట్లేదనడానికి గుర్తు కావచ్చు, అమ్మానాన్నలకి విడిగా చెప్పి పీహెచ్‌సీలో షుగర్ చూపించమనండి. రెండు రౌండ్లకే ఆయాసపడి పాలిపోయే పిల్లని బద్ధకం అని తిట్టకండి, రక్తం తక్కువేమో చూపించాలి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర మింగుతోందా, కిటికీలోంచి పారేస్తోందా అన్నది కూడా చూడాలి (పారేస్తారు, నేను ఏరాను).

ఇక పీరియడ్. నలభై మందిని ఐదు గుంపులు చెయ్యండి. ఒక్కో గుంపుకి ఒక్కో చోట ఒక్కో పని: తాడాట, గుంజీళ్లు, గోడకి చేతులానించి దండీలు, గీత నుంచి గీతకి పరుగు, మెట్టు ఎక్కి దిగడం. 40 సెకన్లు చెయ్యడం, 20 సెకన్లలో పక్క చోటికి మారడం. మూడు రౌండ్లకి పదిహేను నిమిషాలు. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మోస్తరు శ్రమ, ఊపిరి తీసుకోకుండా నాలుగు ముక్కలకి మించి పలకలేకపోతే గట్టి శ్రమ, ఇంతకంటే మిషన్లేమీ అక్కర్లేదు. పని చేసే కండ రక్తంలో చక్కెరని ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లాక్కుంటుంది, అందుకే కేజీ తగ్గకపోయినా లాభం ఉంటుంది.

ఒక షరతు: హోంవర్కు చెయ్యలేదని గుంజీళ్లు తీయించడం స్కూల్లో ఎవరూ చెయ్యకూడదు. పొద్దున శిక్షగా తీసిన పిల్లాడు మధ్యాహ్నం ఆరోగ్యం కోసం అంటే నమ్ముతాడా?

మిగిలిన పదిహేను నిమిషాలు ఆట. చెడుగుడులో బలం లేనివాడే ముందు ఔటై కూర్చుంటాడు, వాడికే కదా పరుగు కావాల్సింది! అందుకని మా దగ్గర ఔటైతే ఇరవైసార్లు తాడాడి మళ్లీ లోపలికి రావాలి. ఏడుపెంకులాట కూడా బాగుంటుంది, ఆడపిల్లలు కూడా బాగా కలుస్తారు.

ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పదకొండు దాటాక మన గ్రౌండ్‌లో పరుగు పెట్టించొద్దు. ఒంటిపూట బడులప్పుడు ఎనిమిదిన్నర లోపే. ఖాళీ కడుపుతో వచ్చిన వాళ్లని ముందే అడిగి తెలుసుకుని రాగిజావ తాగాకే దింపండి.

గేటు బయట కొట్టు పెద్ద తలనొప్పి. స్కూలు గేటుకి 50 మీటర్లలోపు ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్నవి అమ్మకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ) రూలు ఉంది కానీ కొట్టు ఆయనతో గొడవ పడితే పని జరగదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, జామకాయలు కూడా పెట్టమని నేను బతిమాలాను, అవీ అమ్ముడుపోతున్నాయి. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు, గ్లాసులో పోసి పిల్లలకి చూపించండి.

పన్నెండు వారాలకి మళ్లీ 600 మీటర్లు పెట్టి, ఎవరి టైముని వాళ్ల పాత టైముతోనే పోల్చండి. పదో తరగతి వాళ్ల పీరియడ్ లెక్కల సారు లాక్కుంటే ప్రేయర్ అయ్యాక పది నిమిషాలు అడగండి. నేను అట్లా అడిగే తెచ్చుకున్నా, ఇప్పుడు ఆ సారు కూడా వచ్చి గీత నుంచి గీతకి పరిగెత్తుతున్నాడు.