కడియం నర్సరీ మొక్క నాటే ముందు రెండు బకెట్ల నీళ్లు

రాజమండ్రిలో ఉండేవాళ్లకి మొక్కల కరువేముంది, నర్సరీల ఊరు కడియపులంక పక్కనే కదా. ఆదివారం వెళ్తే ఆటో నిండా తెచ్చుకోవచ్చు. నెల తిరిగేసరికి అందులో సగం వడలిపోతాయి. నర్సరీవాడిని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు మన గొయ్యిదే.

గొయ్యి తవ్వగానే మొక్క పెట్టేయకండి. నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఒక పుల్ల గుచ్చి నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. గంటకి ఒకటి రెండు అంగుళాలు దిగితే బెంగ లేదు. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అది చాలావరకు బంకమట్టే. గోదారికి దగ్గర్లో పల్లపు వీధుల్లో వరదల రోజుల్లో భూమిలోని నీరు కూడా పైకొస్తుంది. అలాంటిచోట లోతుగా తవ్వి నాటడమంటే మొక్కని తొట్టిలో ముంచడమే. అడుగు ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి, ఆకుల ఎరువు బాగా కలిపి.

ఇంకోటి, వేరు చుట్టూ ఉండే మట్టి ముద్ద. ఎండితే ఇటుకే. మా మందారం చచ్చిపోయాక పీకి చూశాను: పాదు అంతా తడి, ముద్ద లోపల పొడి! రోజూ పోసిన నీళ్లన్నీ పక్కనుంచి జారిపోయాయన్నమాట. ఇప్పుడు కవరుతో సహా బకెట్లో బుడగలు ఆగేదాకా ముంచుతున్నాను. తర్వాత కవరు కోసి, ముద్ద పై పొరని వేళ్లతో కాస్త వదులు చేసి నాటుతాను. కాండం మొదలు మాత్రం మట్టిలో కూరుకుపోకూడదు.