ఆటలో విల్లు – మూడో పాఠం: నారి లాగడం, వదలడం

రెండో పాఠం ముగిసేసరికి మన విల్లుకు మూడు పనులు వచ్చు. బటన్ నొక్కితే నారి వెనక్కి వస్తుంది, వదిలితే బాణం పుడుతుంది, పుట్టిన బాణం భూమ్యాకర్షణకు వంగుతూ వెళ్తుంది. బాణం వేగం దగ్గర మాత్రం ‘ప్రస్తుతానికి 50’ అని రాసి ముందుకు జరిగాం. ఈ రోజు ఆ 50ని చెరిపేస్తాం. దాని చోట ఇంకో అంకె వేయబోవడం లేదు. వేగం మనం రాసేది కాదు, విల్లు చెప్పాల్సింది.

ఈ పట్టుదల ఎందుకంటే, నా మొదటి విల్లు నాకు బాగా బుద్ధి చెప్పింది. బటన్ ఎంతసేపు నొక్కితే దెబ్బ అంత అని లెక్క పెట్టాను. సెకను నొక్కితే 100, పావు సెకను నొక్కితే 25. కాగితం మీద న్యాయంగానే కనిపించింది. ఆడి చూడమని ఇచ్చిన మిత్రులు పది నిమిషాల్లో కిటుకు పట్టేశారు. సెకనుకు నాలుగు బాణాలు టపటపా వదిలితే అదే 100 వస్తుంది, ఆగి గురి చూసే బాధ ఉండదు. నా విల్లు కాస్తా మరతుపాకీ అయి కూర్చుంది. అప్పుడు బాణానికీ బాణానికీ మధ్య విరామం పెట్టాను, అరకొరగా లాగితే జరిమానా పెట్టాను, ఆ జరిమానాకు మళ్లీ మినహాయింపులు పెట్టాను. అతుకు మీద అతుకు. తప్పు మొదటి లెక్కలోనే ఉందని తెలిసేసరికి చాలా రోజులు గడిచాయి.

విల్లు ఒక స్ప్రింగు. లాగే కొద్దీ చేతికి తగిలే బలం పెరుగుతుంది. 40 పౌండ్ల విల్లు అంటే పూర్తిగా లాగినప్పుడు వేళ్లమీద పడే బలం 40 పౌండ్లు, అంటే సుమారు 178 న్యూటన్లు. ఇక లాగుడు పొడవు. విలువిద్య సాధన చేసేవారు 28 అంగుళాలని చెబితే ఆ అంకెను నేరుగా లెక్కలోకి దించకండి. అసలు లాగకముందే నారి విల్లు పిడికి దాదాపు 8 అంగుళాల దూరంలో ఉంటుంది. నారి నిజంగా ప్రయాణం చేసేది మిగిలిన 20 అంగుళాలే, అంటే 0.51 మీటరు.

బలం సున్నా నుంచి 178 దాకా సమంగా పెరిగిందనుకుందాం. లాగిన దూరాన్ని అడ్డంగా, బలాన్ని నిలువుగా గీస్తే ఒక త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యమే విల్లులో నిలవ ఉన్న శక్తి:

శక్తి = ½ × 178 × 0.51 = సుమారు 45 జౌళ్లు

ఇప్పుడు సగమే లాగండి. త్రిభుజం ఎత్తూ సగమే, పొడవూ సగమే. వైశాల్యం నాలుగో వంతుకు, 11 జౌళ్లకు పడిపోతుంది. పావు వంతు లాగితే దక్కేది పదహారో వంతు. దెబ్బను శక్తికి ముడిపెట్టి చూడండి: నా మిత్రులు టపటపా వదిలిన నాలుగు పావు బాణాలూ కలిసినా 25 దాటవు. ఆకర్ణాంతం లాగి వదిలిన ఒక్క బాణం 100. నేను రోజుల తరబడి అతుకులేసి సాధించలేని సమతూకాన్ని ఒక త్రిభుజం ఊరికే ఇచ్చేసింది. జరిమానాల కోడ్ మొత్తం తీసేశాను.

శక్తి తెలిసింది, వేగం సంగతి చూద్దాం. ఆ 45 జౌళ్లూ బాణానికే దక్కవు. నారి, విల్లు రెండు బద్దలు కూడా బాణంతో పాటు ముందుకు దూకుతాయి, తమ వాటా తాము తీసుకుంటాయి. ఆ వాటాను బాణానికి అంటుకున్న అదనపు ద్రవ్యరాశిలా లెక్కేయడం తేలికైన పద్ధతి. మన ఊహా విల్లుకు అది 11 గ్రాములు అనుకుందాం.

వేగం = √( 2 × శక్తి ÷ (బాణం ద్రవ్యరాశి + అదనపు ద్రవ్యరాశి) )

గ్రాములను కిలోగ్రాముల్లోకి మార్చడం మరవకండి. 26 గ్రాముల బాణానికి సెకనుకు 49 మీటర్లు వస్తుంది. మనం గుడ్డిగా రాసుకున్న 50కి ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే, మురిసిపోవద్దు. 15 గ్రాముల తేలిక బాణం వేస్తే వేగం 59కి పెరుగుతుంది. 40 గ్రాముల బాణానికి 42 దగ్గర ఆగుతుంది. అయితే బాణం మోసుకెళ్లే శక్తి చూడండి: తేలిక బాణానిది 26 జౌళ్లు, మధ్యరకానిది 32, బరువు బాణానిది 35. తేలిక బాణం త్వరగా చేరుతుంది, దారిలో తక్కువ వంగుతుంది, కానీ లోతుగా దిగదు. బరువుది నిదానంగా వెళ్లినా గట్టిగా దిగుతుంది. అమ్ములపొదిలో రెండు రకాలు పెట్టడానికి ఆటగాడికి ఇంతకన్నా మంచి కారణం మనం కల్పించలేం.

ఈ సూత్రంలోనే ఇంకో హెచ్చరిక దాగి ఉంది. బాణం ద్రవ్యరాశి సున్నా అనుకోండి. 45 జౌళ్లూ బద్దల మీదే పడతాయి. నిజం విల్లును బాణం లేకుండా లాగి వదలవద్దని మొదటి రోజే చెప్పేది ఇందుకే, బద్ద పగిలే ప్రమాదం ఉంది. ఆటలో బాణం లేనప్పుడు నారి లాగనివ్వకపోతే సరిపోతుంది.

త్రిభుజం అన్ని విల్లులకూ సరిపోదు. కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లులో బలం మొదట్లోనే త్వరగా పెరుగుతుంది, కాబట్టి పూర్తిగా లాగినప్పటి బలం అంతే అయినా ఎక్కువ శక్తి నిలవ ఉంటుంది. కప్పీలున్న కాంపౌండ్ విల్లులో గీత పైకెక్కి, కొంతసేపు అక్కడే నడిచి, చివర్లో బాగా కిందికి దిగుతుంది. అందుకే దాన్ని లాగి పట్టుకుని నిలబడటం సులువు. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు యూనిటీ, అన్‌రియల్, గోడో మూడింటిలోనూ ఇలాంటి గీతను చేత్తో గీసుకునే సదుపాయం ఉంది. విల్లుకొక గీత గీయండి. ఆట మొదలయ్యేటప్పుడే దాన్ని 20 నిలువు ముక్కలు చేసి, ముక్కల వైశాల్యాలను కూడుకుంటూ ఒక పట్టికలో పెట్టుకోండి. వదిలిన క్షణాన నారి ఎక్కడుందో చూసి పట్టికలోంచి శక్తి తీసుకోవడమే మిగులుతుంది.

నారి వెనక్కి వచ్చే వేగాన్ని కూడా ఇదే గీతకు కట్టేయండి. బలం పెరిగే కొద్దీ చెయ్యి నెమ్మదించాలి. చివరి రెండు మూడు అంగుళాలు మొండికేస్తేనే ఆటగాడికి బరువు తెలుస్తుంది. పూర్తిగా లాగి పట్టుకున్నాక రెండు సెకన్ల నుంచి గురి మెల్లగా వణకడం మొదలైతే చాలు. అలసట కోసం తెర మీద మరో గీటు పెట్టే ఆటలు నాకు నచ్చవు, చెయ్యి వణుకుతుంటే కళ్లకు కనబడుతూనే ఉంటుంది.

వదలడం గురించి ఒక్క మాట. బద్దలు స్ప్రింగులా వెనక్కి వస్తాయనుకుని లెక్కేస్తే, నారి ఆ 0.51 మీటరు దాటడానికి సుమారు 16 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే బొమ్మలు, నడిచే ఆటలో ఒక ఫ్రేము నిడివి 16.7 మిల్లీసెకన్లు. అంటే నారి ముందుకు దూకడమంతా ఒక్క ఫ్రేము పని. దాన్ని ‘బాగా కనబడాలని’ పది ఫ్రేములకు సాగదీస్తే విల్లు రబ్బరు ఉండేలులా కనిపిస్తుంది. ఈ ఫ్రేములో నారి వెనక, వచ్చే ఫ్రేములో ముందు, అంతే. మీ యానిమేషన్ శ్రమంతా ఆ తర్వాత నారి వణికే దాని మీద, పిడి పట్టిన చెయ్యి అదిరే దాని మీద పెట్టండి.

ఇంటిపని: 60 పౌండ్ల విల్లు, లాగుడు 28 అంగుళాలు, లాగకముందు నారి దూరం 8 అంగుళాలు, బాణం 26 గ్రాములు, అదనపు ద్రవ్యరాశి 14 గ్రాములు. త్రిభుజం గీతతోనే చేయండి. వేగం 58 దగ్గర రావాలి. 69 వచ్చిందంటే ఆ 8 అంగుళాలు తీసేయడం మరిచిపోయారు.

లెక్క సరిపోయాక ఒక పలుచని చెక్క తలుపు నిలబెట్టి దాని మీదికి 49 మీటర్ల వేగంతో బాణాలు వదలండి. ఒక్కో ఫ్రేములో బాణం 82 సెంటీమీటర్లు దూకుతుంది. తలుపు మందం రెండు సెంటీమీటర్లే. చాలా బాణాలు తలుపు అక్కడ లేనట్టే అవతల తేలతాయి. ఎన్ని దాటిపోయాయో లెక్కపెట్టి ఉంచుకోండి, నాలుగో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.