డాన్స్ థెరపీ పేపర్లు ఇలా దొరికాయి

ఎమ్మే సైకాలజీ ప్రాజెక్టుకి డాన్స్ థెరపీ తీసుకున్నా. గూగుల్లో ఏం కొట్టినా జుంబా క్లాసుల ప్రకటనలే! వారం వృథా. వైద్య పరిశోధనలు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో పేపర్లకి 'మెష్' అనే విషయ పదాలు తగిలిస్తారని లైబ్రేరియన్ గారు చెప్పాక దారి దొరికింది. 'డాన్స్ థెరపీ' కూడా అందులో ఒకటి. దానికి 'డిప్రెషన్' జోడిస్తే 2015 నాటి కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద వచ్చిన అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసేది) తగిలింది. తీరా చూస్తే అందులో లెక్కకొచ్చినవి మూడే అధ్యయనాలు, 147 మంది! గట్టిగా ఏమీ తేల్చలేమని వాళ్లే రాశారు. నాట్యంతో అన్నీ నయమవుతాయని మా కూచిపూడి మాస్టారితో వాదించినదాన్ని, కాస్త తగ్గా. దాని చివరి రిఫరెన్సులు పట్టుకుని వెనక్కి వెళ్తే మరికొన్ని దొరికాయి. డబ్బు కట్టమన్న పేపర్లకి నేరుగా రచయితలకే మెయిల్ పెట్టా. ఇద్దరు పంపారు.