ఫ్రీలాన్సా, ఆఫీసా, రిమోటా: ఇబ్బంది ఎక్కడుందో ముందు చూడండి

హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లే వెబ్ డెవలపర్ ఫ్రీలాన్స్ వైపు చూస్తుంటే, ఫ్రీలాన్సర్ రిమోట్ జాబ్ కోసం వెతుకుతుంటాడు. అలసిపోయి పని విధానమే మార్చేసుకున్నాక, అదే ఇబ్బంది కొత్తచోటా ఎదురైతే ఆ నిరాశ మామూలుగా ఉండదు. అందుకే రాజీనామా పెట్టే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: సైట్ లైవ్‌లోకి వెళ్లింది, డబ్బు రాలేదు

ఫ్రీలాన్సర్లు ఎక్కువగా చెప్పుకునే బాధ ఇదే. క్లయింట్ మోసం చేశాడని వెంటనే అనుకోవద్దు. పని ఎక్కడితో పూర్తవుతుందో ఇద్దరూ రాసుకోకపోవడమే తరచుగా అసలు కారణం. ఐదు పేజీల సైట్ అని మొదలవుతుంది. మధ్యలో బుకింగ్ ఫారం, ఆ తర్వాత పేమెంట్ గేట్‌వే, చివర్లో తెలుగు వెర్షన్. ప్రతిసారీ "చిన్న మార్పే కదండీ" అంటారు. తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన పనైతే మరీ కష్టం. బావగారి స్నేహితుడిని అడ్వాన్స్ అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది.

కోడ్ మొదలుపెట్టకముందే ఒక పేజీ రాసి మెయిల్ చేయండి: ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, కంటెంట్ ఎవరిస్తారు, ఎప్పుడు ఎంత చెల్లించాలి. "ఓకే" అని జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి. మూడో వంతు ముందు, మరో వంతు డిజైన్ ఖరారయ్యాక, మిగతాది క్లయింట్ సర్వర్‌లోకి ఎక్కించే ముందు తీసుకోండి. అప్పటిదాకా మీ స్టేజింగ్ సర్వర్‌లోనే (సైట్‌ను పరీక్షించి చూసుకునే చోట) చూపించండి. డొమైన్ (సైట్ చిరునామా) మాత్రం మొదటి నుంచీ క్లయింట్ పేరు మీదే ఉండాలి. దాన్ని పట్టుకుని డబ్బు రాబట్టడం తప్పు, మీ పేరూ పోతుంది.

చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ముందే చేసుకోండి. ఆన్‌లైన్‌లో ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. బిల్లు కింద ఉద్యమ్ నంబరు, ఈ గడువు రాయండి. ఫిర్యాదు దాకా వెళ్లకుండానే కొందరు కదులుతారు.

సమస్య: ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓపిక ఉండట్లేదు

అలసట పనివల్లా, ప్రయాణం వల్లా? ఇంటి నుంచి పనిచేసిన రోజు సాయంత్రం ఎలా ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. ఆరోజు హాయిగా ఉంటే మీ ఉద్యోగం మంచిదే, దారే కష్టం. ఎల్బీ నగర్ నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగినా, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మళ్లీ బస్సో క్యాబో చూసుకోవాలి. హైబ్రిడ్ (కొన్ని రోజులు ఇంటి నుంచి, కొన్ని రోజులు ఆఫీసు నుంచి) అడగండి, షిఫ్ట్ గంట ముందుకు జరపమనండి, కుదిరితే ఇల్లు మారండి. ఇంట్లో ఉన్న రోజూ అంతే నీరసంగా ఉంటే టీం మారాలి. ఫ్రీలాన్స్‌లోకి దూకితే ఆ నీరసం పోదు.

సమస్య: రిమోట్ జాబ్, రాత్రి నిద్ర లేదు

కారణం గడియారంలో ఉంది. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు సాయంత్రం 6:30, వాళ్ల చలికాలంలో 7:30. కాలిఫోర్నియా అయితే రాత్రి 9:30 లేదా 10:30. లండన్‌తో మాత్రం మధ్యాహ్నం 1:30 లేదా 2:30కే కలవొచ్చు. జీతం మాట్లాడే ముందే రోజూ ఎన్ని గంటలు వాళ్లతో కలిసి ఆన్‌లైన్‌లో ఉండాలో అడగండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, జీతం కాస్త తగ్గినా యూరప్ టీం మేలని నా అభిప్రాయం.

సమస్య: చేరి ఏడాదైంది, కొత్తగా ఏమీ రాలేదు

మీ కోడ్ చూసి తప్పులు చెప్పే (కోడ్ రివ్యూ చేసే) సీనియర్ లేకపోవడమే తరచుగా కారణం. ఇది మొదటి ఉద్యోగమైతే ఆఫీసుకు వెళ్లే పని వెతుక్కోండి.

సమస్య: ఎక్కువే వస్తోంది, చేతిలో మిగలట్లేదు

విదేశీ కంపెనీ ఇచ్చే రిమోట్ "జాబ్" చాలాసార్లు కాంట్రాక్టర్ ఒప్పందమే. పీఎఫ్‌లో యజమాని వాటా, జీతంతో సెలవులు, కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ అందులో ఉండవు. పన్ను కూడా ఎవరూ ముందుగా కోసి కట్టరు. ఏడాది పూర్తవకముందే కట్టే అడ్వాన్స్ ట్యాక్స్ మీరే కట్టుకోవాలి. జీతంతో పోల్చేటప్పుడు నెలకు వచ్చే కాంట్రాక్ట్ మొత్తాన్ని పన్నెండు నెలలకు కాకుండా తొమ్మిది నెలలకే లెక్కేయండి. ఖాళీగా గడిచే రోజులూ, ఇన్సూరెన్సూ ఆ మూడు నెలల్లో పోతాయి.

జీఎస్టీలోనూ చాలామంది పొరబడతారు. తెలంగాణలో సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల రూపాయలు, విదేశీ క్లయింట్ల నుంచి వచ్చేదీ అందులో కలుస్తుంది. పరిమితి దాటి రిజిస్టర్ అయ్యాక ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) దాఖలు చేస్తే, ఎగుమతి కిందికి వచ్చే బిల్లులకు జీఎస్టీ కట్టక్కర్లేదు. ఏటా కొత్త ఆర్థిక సంవత్సరానికి దాన్ని మళ్లీ దాఖలు చేయాలి.