ధమనుల బిరుసు కొలవడం నేర్చుకుందాం – 3: మెడ నుంచి గజ్జ దాకా

పోయిన పాఠంలో మణికట్టు నాడి మీద టోనోమీటర్ (నాడి అలని పట్టే పెన్ను లాంటి పరికరం) ఎలా ఆనించాలో, తెర మీద నిలకడైన అల ఎలా తెప్పించాలో సాధన చేశాం. అక్కడ అలలు వరసగా ఒకే ఎత్తులో రానంతవరకూ ఈ పాఠానికి తొందరపడకండి. మణికట్టు దగ్గర కుదరని చెయ్యి మెడ దగ్గర అసలే కుదరదు.

ఈసారి అసలు కొలతకి వచ్చాం. మెడలోని కరోటిడ్ ధమనికీ గజ్జలోని ఫెమోరల్ ధమనికీ మధ్య నాడి అల ఎంత వేగంతో పోతోందో కనుక్కోవాలి. సూది గుచ్చకుండా, గొట్టం దూర్చకుండా బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) బిరుసు తెలుసుకోవడానికి వైద్యలోకం ప్రమాణంగా పెట్టుకున్న కొలత ఇదే. దీన్నే పల్స్ వేవ్ వెలాసిటీ అంటారు. రిపోర్టులో మీటర్లు/సెకను అని రాస్తారు.

అల వేరు, రక్తం వేరు. గుండె కొట్టిన క్షణంలో బృహద్ధమనిలో రక్తం సెకనుకు సుమారు ఒక మీటరు వేగం అందుకుంటుంది, మరుక్షణమే నెమ్మదిస్తుంది. ఒత్తిడి అల మాత్రం కుర్రవాళ్ళలో సెకనుకు 5, 6 మీటర్లు పోతుంది. వయసు మళ్ళి గోడ బిరుసెక్కితే 10, 12 మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గూడ్సు బండికి ఇంజను వచ్చి తగిలినప్పుడు ఆ కుదుపు చివరి పెట్టె దాకా గబగబా పోతుంది, పెట్టెలు మాత్రం జానెడు కూడా జరగవు. మనం కొలిచేది ఆ కుదుపుని.

ఈ వేగానికీ గోడ బిరుసుకీ ఉన్న లెక్కని 1878లో నెదర్లాండ్స్‌కి చెందిన మోయెన్స్, కోర్టెవెగ్ తేల్చారు. గోడ ఎంత బిరుసుగా, ఎంత మందంగా ఉంటే వేగం అంత ఎక్కువ. గొట్టం ఎంత వెడల్పైతే వేగం అంత తక్కువ. సూత్రంలో వర్గమూలం ఉంది కాబట్టి బిరుసు నాలుగింతలైతే వేగం రెండింతలే అవుతుంది. వేగంలో చిన్న తేడా కనిపించినా తేలిగ్గా తీసుకోకూడదు, దాని వెనక గోడలో పెద్ద మార్పే ఉండవచ్చు. అందుకే మన కొలతలో తప్పు చిన్నదైనా సహించకూడదు.

మనిషిని సిద్ధం చెయ్యడం దగ్గర మొదలుపెడదాం. మూడు గంటల ముందు నుంచి భోజనం, కాఫీ, టీ, సిగరెట్టు, బీడీ ఉండకూడదు. గది చల్లగా ఉండాలి, 22 డిగ్రీలు సరిపోతుంది. పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టండి. ఏసీ గదిలో పడుకోబెడితే పెద్దవాళ్ళు ఇట్టే నిద్రలోకి జారుకుంటారు, వాళ్ళని మెల్లగా లేపండి. నిద్రలో కొలవకూడదు, మాట్లాడుతుండగానూ కొలవకూడదు. తర్వాత బీపీ చూసి రాసుకోండి. బీపీ పెరిగితే అదే ధమని ఆ సేపు బిరుసుగా కనిపిస్తుంది, వేగం పెరుగుతుంది. పక్కన బీపీ అంకె లేని వేగాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

మెడ దగ్గర కుడివైపు, గొంతు ముడికి పక్కగా, ఏటవాలుగా దిగే కండరం లోపలి అంచున నాడి తగులుతుంది. మెడ కింది సగంలోనే వెతకండి. పైన దవడ మూల దగ్గర గట్టిగా నొక్కితే గుండె వేగం పడిపోయి, వయసైనవాళ్ళకి కళ్ళు తిరగవచ్చు. రెండు వైపులా ఒకేసారి ఎప్పుడూ నొక్కకండి. కరోటిడ్ ధమనిలో పూడిక ఉందని ముందే తెలిస్తే, డాక్టరుగారు సరే అంటేనే ముట్టుకోండి.

గజ్జ దగ్గర ముందు కుదరాల్సింది నమ్మకం. ఎక్కడ చెయ్యి పెడతారో, ఎందుకు పెడతారో ముందే చెప్పండి: “అమ్మా, తొడ మొదట్లో నాడి చూడాలి, దుప్పటి కప్పే ఉంచుతాను.” ఆడవాళ్ళకి తోడుగా ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలి. లంగా బొందు, లుంగీ ముడి వదులు చేయించండి. మొలతాడు అడ్డొస్తే పైకి జరపండి, తీయించక్కర్లేదు. బిగుతుగా ఉన్నది ఏదైనా ధమనిని నొక్కి అల ఆకారాన్ని పాడుచేస్తుంది. తుంటి ఎముక ముందు మొనకీ నడిమి జఘనాస్థికీ (పొత్తికడుపు అడుగున తగిలే ఎముక) సరిగ్గా మధ్యలో, మడతకి కొంచెం దిగువన వేళ్ళు పెట్టండి. నాడి దొరికిన చోట పెన్నుతో చుక్క పెట్టండి. మెడ దగ్గరా అలాగే.

ఇప్పుడు టేపు. కాలాన్ని యంత్రం మిల్లీసెకన్లలో కొలిచి ఇస్తుంది. దూరం మాత్రం మన చేతుల్లో ఉంది, ఈ పరీక్ష నిలిచేదీ కూలేదీ అక్కడే. చుక్క నుంచి చుక్కకి తిన్నగా కొలవాలి. టేపు బొజ్జ మీదుగా, రొమ్ము మీదుగా ఎక్కి దిగకూడదు. శరీరానికి పైన, మంచానికి సమాంతరంగా బిగించి పట్టుకోండి. పెద్ద కాలిపర్ ఉంటే మరీ మంచిది.

కొలిచిన దూరాన్ని 0.8తో గుణించాలి. అల మెడలో పుట్టి గజ్జకి దిగడం లేదు. గుండె దగ్గర బయల్దేరి, అదే సమయంలో ఒక పాయ మెడకి ఎక్కుతుంది, ఒక పాయ కిందికి దిగుతుంది. కాబట్టి చుక్కల మధ్య దూరం అల నిజంగా పోయిన దూరం కంటే ఎక్కువ. ఎంఆర్ఐలో చూసిన ధమని దారితో పోలిస్తే 80 శాతం దగ్గరగా సరిపోయింది. 2012లో నిపుణులు దీన్నే ప్రమాణం చేశారు.

ఒక మనిషి కొలత చూద్దాం. చుక్కల మధ్య 60 సెం.మీ. ఈసీజీలో ఆర్ మొన (ప్రతి కొట్టుకీ గీతలో లేచే ఎత్తైన మొన) నుంచి మెడ అల పాదానికి, అంటే అల లేవడం మొదలయ్యే చోటికి, 95 మిల్లీసెకన్లు, గజ్జ అల పాదానికి 155. తేడా 60 మిల్లీసెకన్లు, అంటే 0.060 సెకన్లు. దూరం 0.60 × 0.8 = 0.48 మీటర్లు. వేగం 0.48 ÷ 0.060 = 8.0. అదే టేపు బొజ్జ మీదుగా పోయి 66 సెం.మీ. చూపించిందనుకోండి, వేగం 8.8 అవుతుంది. ఏడాది తర్వాత ఆయన బొజ్జ తగ్గించుకుని వస్తే ధమని మెరుగుపడిందని రిపోర్టు చెబుతుంది. ధమని మారలేదు, టేపు మారింది.

0.8 మర్చిపోతే ఇంకా ఘోరం. 0.60 ÷ 0.060 = 10.0. ధమని బిరుసెక్కిందని చెప్పే హద్దు 10. అదే మనిషి ఉన్నట్టుండి ఆ హద్దు మీదికి వచ్చేశాడు. ఈ హద్దుకి ఒక చరిత్ర ఉంది. 2007 ఐరోపా మార్గదర్శకాల్లో హద్దు 12, అది పూర్తి దూరంతో వేసిన లెక్క. దాన్ని 0.8తో గుణిస్తే 9.6, సర్ది 10 చేశారు. పూర్తి దూరంతో లెక్క కట్టి 10తో పోల్చే రిపోర్టు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని కూడా భయపెడుతుంది. పాత రిపోర్టు చేతికొస్తే మొదట దూరం ఎలా తీశారో అడగండి. చేతికీ చీలమండకీ కఫ్‌లు కట్టి కొలిచే పద్ధతి జపాన్‌లో బాగా వాడుకలో ఉంది. దాని అంకెలు ఇంకా పెద్దవి, వాటిని ఈ 10తో పోల్చకూడదు.

కాలం సంగతి త్వరగా చూసేద్దాం. అల పాదం అంటే పైకి లేవబోయే ముందు అడుగు బిందువు. అక్కడ ఒక అడ్డగీత గీసి, ఎక్కుడులో అన్నిటికన్నా నిటారు చోట స్పర్శరేఖ గీస్తే రెండూ ఖండించుకునే చోటే పాదం. శిఖరాన్ని వాడం, తిరిగొచ్చే అలలు కలిసి దాని ఆకారాన్ని మార్చేస్తాయి. మెడ, గజ్జ విడివిడిగా తీసే యంత్రమైతే రెండుసార్లూ గుండె వేగం దాదాపు ఒకటే ఉందో లేదో చూడండి. ఎక్కువ తేడా ఉంటే మళ్ళీ తీయండి. గుండె లయ తప్పినవాళ్ళలో ఈ యంత్రంతో వచ్చిన అంకెని నమ్మకండి.

రెండుసార్లు కొలిచి సగటు రాయండి. రెండింటి మధ్య తేడా 0.5 దాటితే మూడోసారి కొలిచి, మూడింటిలో పెద్దదీ చిన్నదీ వదిలేసి మధ్య అంకె తీసుకోండి.

అభ్యాసం: చుక్కల మధ్య 55 సెం.మీ., ఆర్ మొన నుంచి మెడకి 90, గజ్జకి 145 మిల్లీసెకన్లు. రెండోసారి మెడకి 90, గజ్జకి 140. మూడోసారి మెడకి 92, గజ్జకి 144. రిపోర్టులో ఏ అంకె రాస్తారు? జవాబుతో వచ్చే పాఠం మొదలుపెట్టి, అల్ట్రాసౌండ్‌లో కరోటిడ్ గోడ ప్రతి కొట్టుకి ఎంత సాగుతుందో కొలుద్దాం.