కోవిడ్ రోజుల్లో పేగువాపు పేషెంట్‌ని ఎండోస్కోపీకి ఎలా చేర్చుకోవాలి

2020, 21ల్లో హైదరాబాద్‌లో ఎండోస్కోపీ గదిలో సిస్టర్‌గా చేశాను. అలాంటి రోజులు మళ్లీ వస్తే కొత్త సిస్టర్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందురోజే ఫోన్ చెయ్యండి. జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం, ఇంట్లో ఎవరికైనా పాజిటివా అన్నవి అందరినీ అడిగేవే. చిక్కంతా విరేచనాల దగ్గరే. అల్సరేటివ్ కొలైటిస్‌లో (పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు) అవి ఉండేవే, కోవిడ్‌లోనూ వస్తాయి. అందుకే "రోజుకెన్నిసార్లమ్మా? రక్తం పడుతోందా? ఎప్పట్నుంచి పెరిగాయి?" అని విడివిడిగా అడిగి రాసుకునేదాన్ని.

మందుల సంగతి తప్పక అడగండి. ఒకావిడ కోవిడ్ భయంతో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర తనంతట తానే మానేసి, నీరసంతో తూలుతూ వచ్చింది. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు. డాక్టరుగారిని అడక్కుండా ఏ మందూ ఆపొద్దని ఫోన్లోనే గట్టిగా చెప్పండి.

మామూలు చెకప్ అయితే వాయిదా వెయ్యొచ్చు. పేగులో వాపు ఎంతుందో తెలిపే, మలంలో చేసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చూసి డాక్టరు నిర్ణయిస్తారు. రక్తం బాగా పోతుంటే మాత్రం ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు కోసం కూర్చోబెట్టకండి. పాజిటివ్ అనుకునే ఎన్95, గౌను, షీల్డుతో లోపలికి తీసుకోండి. వాళ్లకి సాధారణంగా పూర్తి కొలనోస్కోపీ అక్కర్లేదు, పెద్దపేగు చివరిభాగం చూసే సిగ్మాయిడోస్కోపీ చాలు.

తోడు ఒక్కరే. గదిలో అవసరమైనవాళ్లే.

బాత్‌రూమ్‌ని మర్చిపోకండి. మలంలోనూ వైరస్ జాడ కనబడింది కాబట్టి పరీక్షకి ముందు పేగు ఖాళీ అవడానికి విరేచనాల మందు తాగినవాళ్లకి విడి బాత్‌రూమ్ ఇచ్చి, మూత వేశాకే ఫ్లష్ చెయ్యమనండి. ఇంటికెళ్లాక 7వ రోజు, 14వ రోజు ఫోన్ చేసి లక్షణాలు అడగండి.