డెంగీ, కోవిడ్ తగ్గాక మూత్రంలో మంటా? ఇలా చేయండి

వైరల్ జ్వరం ముదిరి ఐసీయూ దాకా వెళ్లొచ్చినవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే, చాలాసార్లు దానికి కారణం వైరస్ కాదు, మూత్రం పోవడానికి అక్కడ వేసిన గొట్టం (క్యాథెటర్). అది ఎన్ని రోజులుంటే బ్యాక్టీరియాకు అంత దారి.

గొట్టం తీశాక 6 గంటల్లో మూత్రం రావాలి. రాకపోయినా, పొత్తికడుపు బిగిసి చుక్కలుగా పడుతున్నా ఆసుపత్రికి వెళ్లండి. గొట్టంతోనే ఇంటికి పంపితే మూత్రం సంచిని నడుము కన్నా కిందే, నేలకు తగలకుండా మంచం పట్టెకు కట్టండి. పైకెత్తితే మూత్రం వెనక్కి పోతుంది. మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయండి.

మంట ఉంటే యాంటీబయాటిక్ మింగకముందే మూత్రాన్ని కల్చర్ పరీక్షకు (అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఇవ్వాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముందుగా మెడికల్ షాపు గోలీ వేసుకుంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తెలియదు. చేతులు సబ్బుతో, మూత్రం వచ్చేచోటు నీళ్లతో కడుక్కొని, మొదటి ధార వదిలేసి, నడిమి ధారను స్టెరైల్ (క్రిములు లేని) డబ్బాలో పట్టండి. మూత లోపలివైపు వేలు తగలొద్దు. 2 గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. పరకాల, నర్సంపేట నుంచి బస్సులో వరంగల్ వచ్చేవాళ్లు ల్యాబ్‌కు వచ్చాకే పట్టడం మేలు; ఎండకు డబ్బాలో బ్యాక్టీరియా పెరిగి రిపోర్టు తప్పుతుంది.

లీటరు సీసాకు గీతలు పెట్టి మూత్రం కొలవండి. 24 గంటల్లో 400 మి.లీ. కన్నా తగ్గినా, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, రక్తం కనిపించినా అదే రోజు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోవద్దు, జ్వరంతో నలిగిన కిడ్నీలకు అవి మరింత చేటు.